వెనక గేటు పిన్ని

జూలై 6

పిట్టా,

నీ కార్డు అందింది. చేరానని, గది బాగుందని రాశావు. అంతకుమించి ఒక్క ముక్క లేదు. నాన్న దాన్ని తిప్పి చూసి, "వెనకాల ఇంకేమైనా ఉందేమో అనుకున్నా" అన్నారు. బస్సుల షెడ్డులో పనయ్యాక వస్తూ వస్తూ రోజూ పోస్టుమాన్‌ను ఆపి అడుగుతున్నారు. నేనే అడగమన్నానని పోస్టుమాన్‌తో చెబుతారట.

గది ఇచ్చినావిడ స్టవ్ పెట్టుకోనివ్వదని వెళ్ళేటప్పుడే అన్నావు. మరి ఎక్కడ తింటున్నావు? కిందటేడు నీ కడుపు ఎంత ఇబ్బంది పెట్టిందో నువ్వు మరిచిపోయావేమో, నేను మరిచిపోలేదు. చవకగా దొరికిందని నిన్నటి కూర తినకు. రుచిగా ఉందని కారం ఎక్కువ తినకు. ఎక్కడ తింటున్నావో, ఎవరు వండుతారో వివరంగా రాయి.

ఇక్కడ అంతా దేవుడి దయ. ఆసుపత్రి దుప్పట్ల కొత్త మూట వచ్చింది, అంచులు కుట్టాలి. మిషను అమ్మమ్మ మంచం పక్కకే జరుపుకున్నాను. ఆ చప్పుడు ఉంటే ఆమె కాస్త కుదురుగా పడుకుంటుంది. జావ తప్ప ఏదీ ముట్టడం లేదు. సాయంత్రమయ్యేసరికి తలుపు వైపు చూసి, "చిన్నది తిన్నదా?" అంటుంది. నీ గురించో, నా వెనక పుట్టిన చిన్నదాని గురించో తెలియదు. తాతయ్య కోపంలో "ఈ గడప తొక్కకు" అన్నారు. అది మళ్ళీ తొక్కలేదు. అప్పటికి నువ్వు పుట్టలేదు. ఆయన ఉన్నంతకాలం ఇంట్లో ఎవరం దాని పేరు ఎత్తలేదు. ఆయన పోయాక ఎత్తుదామన్నా నోటికి అలవాటు తప్పింది. అమ్మమ్మ అడిగినప్పుడల్లా, తిన్నదమ్మా అంటాను. ఇద్దరిలో ఎవరికైనా ఆ మాట నిజం కావాలని దేవుణ్ణి వేడుకుంటాను.

తినకుండా పడుకోకు.

అమ్మ

జూలై 15

అమ్మా,

తిండి గురించి వివరంగా రాయమన్నావు కాబట్టి విను. నాన్నకు కూడా చదివి వినిపించు.

ముందు గేటుకు ఎదురుగా అద్దాల హోటల్ ఉంది. లోపల చల్లగా ఉంటుంది. కూర కూడా చల్లగానే ఉంటుంది. అమ్మానాన్నలు చూడటానికి వచ్చిన రోజే పిల్లలు అక్కడికి వెళతారు. కాలేజీ క్యాంటీన్‌లో పప్పులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. లైబ్రరీ వెనక నిలువు హోటల్ అని ఒకటి ఉంది. బల్లలు లేవు, నిలబడే తినాలి. కూర్చుంటే కబుర్లలో పడి లేవరని యజమాని బల్లలన్నీ తీసేశాడట. గుడ్డు వేపుడు మాత్రం అంత బాగా ఎవరూ చెయ్యరు. బస్‌స్టాప్ దగ్గర రొట్టెల బండాయన్ని అందరూ మాస్టారు అంటారు. ఆయన ఎవరికీ పాఠాలు చెప్పలేదు, కానీ ప్లేట్‌లో ఏమైనా వదిలేస్తే మాస్టారి లాగే తిడతాడు. "ఇంట్లో కూడా ఇలాగే పారేస్తావా?" అని నన్ను నలుగురిలో నిలబెట్టి అడిగాడు.

అసలు మాట చెప్పనే లేదు. పిన్ని దొరికింది. ఇంక నా తిండికి బెంగ లేదు. వెనక గేటు దాటాక సైకిళ్ళ షాపు పక్కన ఒక సందు ఉంది. అందులో రేకుల కప్పు కింద అన్నం, పప్పు, ఒక కూర. అంతే. అన్నీ వేడివేడిగా. మొదటిరోజే నన్ను చూసి, "ఎవరమ్మాయివే? ఇంత బక్కగా ఉన్నావేంటి?" అంది. మన ఊరి పేరు చెబితే ఒక్క క్షణం ఆగి, ఇంకో గరిటె అన్నం వేసింది. అప్పటినుంచి రెండుపూటలా పిన్ని దగ్గరే. అమ్మమ్మకు చెప్పు, చిన్నది కడుపునిండా తింటోందని.

నీ పిట్ట

జూలై 24

పిట్టా,

నీ ఉత్తరం అమ్మమ్మకు చదివి వినిపిస్తున్నాను. మాస్టారి దగ్గర నవ్వింది. పిన్ని దొరికింది అన్న చోట నా నోరు ఆగిపోయింది. ఏం రాసిందని అమ్మమ్మ అడిగితే, తింటోందట అన్నాను. మడిచి దేవుడి పటం వెనక పెట్టాను. నాన్న వచ్చాక చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, "తొందరపడకు, ముందు ఇంకా రాయనీ" అన్నారు. అందుకే అడుగుతున్నాను.

పిన్ని ఎలా ఉంది? ఒళ్ళు చేసిందా, చిక్కిపోయిందా? జుట్టు నెరిసిందా? కుడిచేతి మీద కాలిన మచ్చ ఉందేమో చూడు. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుందా? తోడు ఎవరైనా ఉన్నారా, ఒక్కతేనా? మన గురించి అడుగుతుందా? తనంతట తాను అడిగితే అన్నీ చెప్పు. నువ్వుగా ఏదీ కదిపి ఆమె మనసు కష్టపెట్టకు. నొచ్చుకుని మళ్ళీ మాట్లాడటం మానేస్తే నేను తట్టుకోలేను.

నువ్వు ఆమె దగ్గరే తిను. వర్షమొచ్చినా అక్కడికే వెళ్ళు.

అమ్మ

ఆగస్టు 3

అమ్మా,

నీ ఉత్తరం చూసి నా స్నేహితురాలు, "మీ అమ్మ పెళ్ళి సంబంధం నీకు చూస్తోందా, పిన్నికి చూస్తోందా?" అంది. ఒక్కోటీ చెబుతాను.

పిన్ని బక్కగానే ఉంటుంది. జుట్టు ముందు భాగం నెరిసింది. చేతి మీద మచ్చ ఉంది. నీకెలా తట్టింది? పొయ్యి దగ్గర పనిచేసేవాళ్ళకు ఉంటుందిలే అనుకున్నావా? నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునే మాట నిజమే. ముందు పన్ను ఒకటి లేదు మరి. కొట్టు వెనకాల గదిలో ఒక్కతే ఉంటుంది. "సొంతవాళ్ళు లేరా పిన్నీ?" అంటే, "ఎందుకు లేరు, ఉన్నారు. రాకపోకలే లేవు" అని కూర కలపడానికి వెళ్ళిపోయింది. ఇంక అడగలేదు.

మన గురించి అడక్కపోవడమేమిటి, రోజూ అడుగుతుంది. నువ్వు దుప్పట్లు కుడతావని చెప్పాను. అమ్మమ్మ మంచంలో ఉందంటే, "అయ్యో, పెద్దావిడకి ఎవరు తినిపిస్తున్నారు?" అంది. నిన్ను ఒక్కసారి చూడాలని ఉందట. ఇలాంటి పిల్లను అంతదూరం పంపిన తల్లి ఎలా ఉంటుందో చూడాలట.

పరీక్షలు దగ్గరపడ్డాయి. నిలువు హోటల్‌లో గుడ్డు వేపుడు తిని మూడు పాఠాలు నిలబడే చదివాను.

పిట్ట

ఆగస్టు 14

తల్లీ,

నీ ఉత్తరం రాగానే మిషను ఆపి దేవుడి ముందు కూర్చున్నాను. ఏమీ అడగలేదు. అడగడానికి ఏమీ మిగలలేదనిపించింది.

నాన్న ఇంకా ఆగమన్నారు. నేను ఆగలేకపోయాను. అమ్మమ్మ చెవి దగ్గరకు వంగి, "అమ్మా, నీ మనవరాలికి వాళ్ళ పిన్ని అన్నం పెడుతోందట" అన్నాను. ముందు వినపడలేదేమో అనుకున్నాను. తరువాత, "దాని చేత్తోనా?" అంది. అవునన్నాను. "కూర ఏం చేసిందట?" అంది. నాకు తోచింది చెప్పాను. పిట్టా, ఆ పూట అమ్మమ్మ అన్నం అడిగి తిన్నది. పప్పు కలిపి ముద్దలు పెడితే ఒక్కటి కూడా వద్దనలేదు. ఇప్పుడు రోజూ పిన్ని ఏం వండిందో చెబుతూ తినిపించాలి. చెప్పకపోతే నోరు తెరవదు.

పెద్దమామయ్యకు చెప్పాను. ఆయన ద్వారా అందరికీ తెలిసింది. చూడటానికి వచ్చినవాళ్ళందరికీ అమ్మమ్మ తానే చెప్పుకుంటోంది.

దీనితో ఒక పార్సిల్ పంపుతున్నాను. నీకు రెండు నైటీలు. దిండు గలేబు పిన్నికి. అంచుకు చిన్న నీలంపూలు కుట్టాను. అమ్మ కుట్టిందని ఇవ్వు. వేరే ఏమీ అనవద్దు.

అమ్మ

ఆగస్టు 26

అమ్మా,

అమ్మమ్మ అన్నం తింటోందని చదివి ఇక్కడ అందరికీ చెప్పాను. నేను సరిగ్గా తింటున్నానంటే ఆమె కూడా తింటుందని నాకు తెలిసుంటే ఎప్పుడో రాసేదాన్ని.

గలేబు పిన్నికి ఇచ్చాను. చెయ్యి తుడుచుకుని గానీ ముట్టుకోలేదు. పూల మీద వేలు రాసి, "ఇది నాకా? మీ అమ్మ నాకు కుట్టిందా?" అంది. తరువాత కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకే కంగారు పుట్టింది. అన్నం కోసం నిలబడ్డ అబ్బాయిలు గొడవ చేస్తుంటే, "ఆగండ్రా, మీ కడుపులేం ఎండిపోవు" అని వాళ్ళను కసిరి, దాన్ని లోపల దాచివచ్చింది. దిండుకు తొడగలేదట. మాసిపోతుందట.

ఆమెకు ఎవరూ ఏమీ ఇచ్చి ఉండరమ్మా. నువ్వు మంచిపని చేశావు.

పిట్ట

సెప్టెంబర్ 8

పిట్టా,

ఇంక దాచి రాయలేను. డాక్టరుగారు వచ్చి చూశారు. గుండె బాగా బలహీనపడిందన్నారు. చూడాల్సినవాళ్ళు ఉంటే పిలిపించండి అన్నారు.

చిన్నదాన్ని తీసుకురా. మా దూరపు చుట్టం ఒకాయన దాన్ని ఆ ఊళ్ళోనే ఒక హోటల్ వంటగదిలో చూశానని ఎప్పుడో అన్నాడు. అప్పుడు వెతికితే కనపడలేదు. నిన్ను ఆ కాలేజీకి పంపేటప్పుడు ఆ మాట నా మనసులో ఉంది. నీకు చెప్పలేదు. దేవుడు నా మనసులో మాట విని నిన్ను నేరుగా దాని పొయ్యి ముందుకే నడిపించాడు.

ఇలా చెప్పు. నాన్న లేడు, తలుపు తెరిచే ఉంది, అక్క రమ్మంది, అమ్మ నీకోసమే అన్నం తింటోంది అని చెప్పు. గలేబు చూసి ఏడ్చిన మనిషి రాకుండా ఉండదు. మీ నాన్న వస్తానంటున్నారు. నేనే వద్దన్నాను. మగవాళ్ళు వెళ్ళి నిలబడితే తగువుకు వచ్చినట్టుంటుంది. నువ్వయితే దాని చేతి అన్నం తిన్నదానివి.

ఆలస్యం చెయ్యకు.

అమ్మ

సెప్టెంబర్ 19

అమ్మా,

నీ ఉత్తరం అందింది. అమ్మమ్మ ఎలా ఉంది? పరీక్షలు అయ్యాయి, పరవాలేదు. రొట్టెల మాస్టారు బండికి కొత్త రంగు వేశాడు. నిలువు హోటల్ యజమాని ఒక బల్ల తెచ్చి పెట్టాడు, దానిమీద ఆయనే కూర్చుంటున్నాడు.

పిన్ని రావడం లేదమ్మా. ఎందుకో తరువాత రాస్తాను. ఇప్పుడు నన్నేమీ అడగకు. అమ్మమ్మకు ఏదైనా చెప్పి అన్నం తినిపిస్తూ ఉండు.

పిట్ట

అక్టోబర్ 1

పిట్టా,

అమ్మమ్మ ముందు ఆ ఉత్తరం చదవకూడదనుకున్నాను. పోస్టుమాన్ గొంతు విన్నది. "ఎప్పుడొస్తోందట?" అంది. కొట్టు మూసి రావాలి కదమ్మా, కాస్త సమయం పడుతుందన్నాను. నాకు అబద్ధం చెప్పడం చేతకాదని నీకు తెలుసు. "రానందా?" అంది. నేను మిషను వైపు తిరిగాను.

అప్పుడు అమ్మమ్మ అన్న మాట నీకు రాస్తే బాధపడతావు. అయినా రాస్తున్నాను, పిన్నికి చదివి వినిపించు. "ఇన్నేళ్ళూ అది రాలేకపోయిందనుకున్నాను. జబ్బు చేసిందేమో, ఏ దేశం పోయిందో, అసలు ఉందో లేదో అనుకున్నాను. అన్నిటికీ ఓర్చుకున్నాను. ఇప్పుడు తెలిసింది, రావడం ఇష్టంలేక రాలేదని. వాళ్ళ నాన్న అంటుంటే నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు కదా, ఆ కోపం పోలేదు దానికి" అంది. అప్పటినుంచి జావ కూడా మింగడం లేదు. కూర ఏం వండిందో చెప్పబోతే మొహం గోడ వైపు తిప్పుకుంటోంది.

ఆమెను బతిమాలు. రాకపోతే పోనీ. ఒక్క ముక్క రాసి ఇమ్మను. కోపం లేదమ్మా అని రాస్తే చాలు.

అమ్మ

అక్టోబర్ 7

అమ్మా,

ఇది నీకెలా రాయాలో తెలియక ఇన్నాళ్ళూ నాన్చాను. నాన్చి ఎంత చెడ్డపని చేశానో నీ ఉత్తరం చదివాక తెలిసింది.

ఆమె మన చిన్నది కాదు.

ఇక్కడ అందరూ ఆమెను పిన్ని అనే పిలుస్తారు. కాలేజీ పిల్లలు, లెక్చరర్లు, ప్యూన్లు అందరూ. సైకిళ్ళ షాపు ముసలాయన ఆమెకంటే చాలా పెద్ద, ఆయనా పిన్నీ అనే కేకేస్తాడు. నాకంటే ముందు వచ్చినవాళ్ళు అలా పిలుస్తుంటే నేనూ అలాగే పిలిచాను. దొరికింది అంటే మంచి అన్నం పెట్టే చోటు దొరికిందని. మన ఇంట్లో ఎప్పుడు విన్నా చిన్నది, చిన్నది అనే విన్నాను. ఆ చిన్నది నాకు పిన్ని అవుతుందని, నేను ఒక మనిషిని నిజంగా పిన్ని అని పిలవాల్సి ఉందని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. పుట్టాక ఎవరినీ అలా పిలవలేదు కదమ్మా.

నువ్వు తీసుకురమ్మని రాశాక వెళ్ళి అడిగాను. "నీకు అక్క ఉందా?" అన్నాను. "అక్కా? అందరూ అన్నదమ్ములేనే నాకు. ఉండి ఏం లాభం, ఆస్తి పంచుకున్నాక మొహం చూడలేదు" అంది. మన సంగతి చెప్పాను. అన్నం గంజి వారుస్తున్నదల్లా దాన్ని అలాగే దించేసింది. "మరి గలేబు ఆవిడకా?" అంది. లోపలికి వెళ్ళి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మడత కూడా విప్పలేదు.

నిన్న నీ ఉత్తరం చదివి మళ్ళీ ఆమె దగ్గరికే వెళ్ళాను. "పోనీ నన్ను తీసుకెళ్ళవే. కొట్టు మూసి వస్తాను. పెద్దావిడకి చూపు సరిగా లేదన్నావుగా. పక్కన కూర్చుని కోపం లేదమ్మా అంటాను, రెండు ముద్దలు తినిపిస్తాను. ఆ మాత్రానికి దేవుడు నన్నేం చెయ్యడు" అంది. అమ్మను అడిగి చెబుతానన్నాను. నువ్వు సరేనంటే తీసుకొస్తాను. రైలు టైములు కనుక్కున్నాను.

నన్ను తిట్టి అయినా రాయి.

పిట్ట

అక్టోబర్ 20

తల్లీ,

తిట్టడానికి నువ్వేం చేశావు. అన్నం పెట్టిన మనిషిని వరస కలిపి పిలిచావు. తప్పు ఎక్కడుందో నాకు కనపడటం లేదు. ఉండి ఉంటే మనసు దాని మీద పెట్టుకోవడానికైనా ఉండేది.

అమ్మమ్మ పోయి వారమైంది. నీకు కబురు పెట్టలేదని కోపగించకు. పరుగెత్తుకు వచ్చినా అందేదానివి కాదు.

నీ ఉత్తరం వచ్చిన రోజంతా ఆ కొట్టావిడ మాట గురించి ఆలోచించాను. ఆవిడది మంచి మనసు. నాన్న సరేననమన్నారు. "నువ్వు కాకపోతే నేను అబద్ధమాడతానులే" అన్నారు. కానీ అమ్మ ఆ చెయ్యి పట్టుకుని తన బిడ్డదే అనుకుని పోతే, ఎక్కడో ఉన్న బిడ్డకు ఏం మిగులుతుందనిపించింది. తన తల్లి ఆఖరి చూపు కూడా వేరొకరికి ఇచ్చేసినట్టవుతుంది. అందుకని నిజమే చెబుదామనుకున్నాను. నిజం చెబితే ఆ కోపం మాట పోతుంది, మళ్ళీ వెనకటిలాగా ఎదురుచూస్తూ ఉంటుంది, ఎదురుచూస్తూ నాలుగు చెంచాల జావ తాగుతుంది అనుకున్నాను.

చెప్పాను. "అమ్మా, ఆవిడ మన చిన్నది కాదట. పిల్ల పొరబడింది, నేనూ పొరబడ్డాను. మన చిన్నదానికి నీ సంగతి అసలు తెలియదు. నీమీద కోపం ఎవరికీ లేదు" అన్నాను. నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నది. అయ్యాక నా చెంప తడిమి, "నా మనసు కష్టపెట్టకూడదని తల్లీ కూతుళ్ళిద్దరూ ఎంత కథ అల్లారే. పోనీలే, దాన్ని ఏమీ అనకండి" అంది.

ఎన్నిసార్లు చెప్పినా అంతే. దేవుడి పటం తెచ్చి దానిమీద చెయ్యివేసి చెప్పాను. నా చెయ్యి తీసేసి, "అబద్ధానికి ఒట్లు వేసుకోకు" అంది. నేను ఒట్టు వేయడం అదే మొదటిసారి. రెండోరోజు పొద్దున నేను జావ కలుపుతుండగా పోయింది.

వచ్చినవాళ్ళందరికీ చిన్నది దొరికిందని తెలుసు కదా. అమ్మమ్మే చెప్పుకుంది. "తల్లి పోతే కూడా రాలేదా? ఎంత రాయి గుండె" అన్నారు. పెద్దమామయ్య, "ఇంక నేనైతే దాని మొహం చూడను" అన్నారు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి కాదని చెప్పాను. వెనకేసుకొస్తున్నానన్నారు. ఒకావిడ నా భుజం తట్టి, "నువ్వు అక్కవి కాబట్టి అలా అంటావులే" అంది. ఇంతకుముందు చిన్నదంటే ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడు అందరికీ దాని మీద కోపం.

నువ్వు ఆ కొట్టావిడతో నేను కృతజ్ఞతలు చెప్పానని చెప్పు. గలేబు ఆవిడకే తిరిగి ఇచ్చెయ్యి. దిండుకు తొడుక్కోమను.

మిషను మళ్ళీ కిటికీ దగ్గరికి జరిపాం. మంచం విప్పాం. దుప్పట్ల మూట అలాగే ఉంది. కుట్టాలి. దేవుడి ముందు కూర్చుంటున్నాను కానీ ఏం అడగాలో తోచడం లేదు. నా చెల్లెలు ఈపాటికి ఏదో పొయ్యి ముందు నిలబడి ఉంటుంది, లేదా ఉండదు. ఉంటే మాత్రం అమ్మ ఇంకా బతికే ఉందనుకుంటూ ఉంటుంది.

అమ్మ